చెక్క వెనక ఎర్రగీత

సభకు అధ్యక్షత వహిస్తున్న రంగధార నాటక సమితి అధ్యక్షులు నరహరి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న, ఇస్తారి గారి భార్య సాయవ్వ గారికి, దుబ్బాక నుంచి, హుస్నాబాద్ నుంచి బస్సుల్లో వచ్చిన కళాకారులకు, చంద్లాపూర్ నుంచి ఆటోలో వచ్చి, చేతికర్ర పక్కన పెట్టుకుని మూడో వరుసలో కూర్చున్న బాలమణి గారికి నమస్కారం. ఈ రోజు సన్మానం అందుకుంటున్న ఇస్తారి గారికి నమస్కారం చివర పెడతాను. దానికి ముందు ఆయనకు నేను ఇవ్వవలసింది ఒకటి ఉంది.

నా పేరు కర్ణాకర్. ఇరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లో విలేకరిని. "ఐదు నిమిషాలు సార్, నాలుగు మంచి ముక్కలు చెప్పండి, చాలు" అని నరహరి గారు పిలిచారు. మంచి ముక్కలకు నేను సరైన మనిషిని కాను. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరు చూశారు అన్నంత వరకే నాకు చేతనవుతుంది. అది కూడా ఒకసారి చేతకాలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

ముందు మీరంతా నవ్విన విషయం. అరగంట కిందట సన్మానితుణ్ణి వేదిక మీదికి పిలిచారు, డప్పులు మోగాయి, మనిషి రాలేదు. చూస్తే వేదిక కింద దూరి ఉన్నాడు. బయటికొచ్చేసరికి కొత్త ధోవతికి మోకాళ్ల దగ్గర మట్టి. "తన సన్మానానికి తనే టెంటు కడుతుండు ఇస్తారన్న!" అని వెనక నుంచి ఎవరో అన్నారు, హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కింద ఆయన ఏం చేశాడో చివర చెబుతాను.

కొత్తవారి కోసం ఒక మాట. ఇస్తారి ముప్పై నాలుగేళ్లుగా నాటకాలకు, ఆ తర్వాత సినిమాలకు సెట్లు వేస్తున్నాడు, సామాన్లు చేస్తున్నాడు. ఈ ఊళ్లో మీరు చూసిన రాజులందరూ కూర్చున్నది ఒక్కటే సింహాసనం, రాజవంశం మారినప్పుడల్లా దాని రంగు మారేది. (నవ్వులు) కాగితపు గుజ్జుతో ఆయన చేసిన మామిడిపండును ఒకసారి రిహార్సల్లో నరహరి గారు కొరికారు. కాదనకండి సార్, నేను చూశాను. (నవ్వులు)

హుస్నాబాద్‌లో ఒక సినిమాకు రేషన్ దుకాణం సెట్టు వేశాడు. మర్నాడు పొద్దున ఏడు గంటలకు వెళ్లి చూస్తే దాని ముందు నలభై మంది సంచులతో, కార్డులతో వరుసలో ఉన్నారు. ఇంకొకరైతే తన పనితనానికి మురిసిపోయి ఫోటో తీసుకునేవారు. ఈయన అట్ట ముక్క తెచ్చి, బొగ్గుతో రాసి, తలుపుకు వేలాడదీశాడు: "గిది ఉత్త దుకాణం. గీడ బియ్యం లెవ్వు. అసలుది బస్టాండు ఎనక." సినిమా వాళ్ల మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందయ్యా, నీ సెట్టు పరువు నువ్వే తీసుకుంటున్నవ్?" ఇస్తారి చెప్పింది ఇది: "షాట్ అప్పుడు తీసేస్త సార్. గప్పటిదాక ముసలోళ్లను ఎండల నిలవెట్టుడెందుకు?"

ఆయన పని పద్ధతి అది. సెట్టు అబద్ధం, కాని అది అబద్ధమని దాని వెనక రాసి పెడతాడు. నిజంగానే రాస్తాడు. ఆయన చేసే ప్రతి మెట్టుకు, అరుగుకు, బాల్కనీకి, కెమెరాకు కనబడని వైపున, ఎర్ర ఆయిల్ పెయింటుతో గీత ఉంటుంది. సెట్టు ఎక్కబోయే ప్రతి మనిషినీ, కూలికి వచ్చిన ఆడవాళ్లతో సహా, మొదటిరోజు నిలబెట్టి చెబుతాడు: "ఒక్క గీత చూసెటందుకు. రెండు గీతలు నిలవడెటందుకు. గీత లేకుంటె నన్ను పిలువుండ్రి, ఎక్కకుండ్రి." ముప్పై నాలుగేళ్లలో ఆయన సెట్టు మీద నుంచి ఎవరూ పడలేదు. ఒక్కరు తప్ప.

రెండేళ్ల కిందట, మార్చి నెల. చంద్లాపూర్ దగ్గర, రంగనాయక సాగర్ గట్టు కింద, సినిమాకు మేడ ఇల్లు సెట్టు. దానికి బాల్కనీ. ఎడమ సగం మీద హీరో నిలబడాలి కాబట్టి కింద టేకు దూలాలు వేశాడు, వెనక రెండు గీతలు పెట్టాడు. కుడి సగం ఉత్త ప్లైవుడ్, పూలకుండీలు పెట్టడానికి, ఒక్క గీత. నాలుగు రోజులు షూటింగ్ సక్రమంగా జరిగింది. ఐదో రోజు దర్శకుడికి కొత్త ఆలోచన వచ్చింది, ఇంటి లోపలి నుంచి చెరువు గట్టు కనబడేలా తీద్దామని. కెమెరా వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగితే గీతలు కనబడతాయి. ఇస్తారి అక్కడ లేడు, ఇత్తడి బిందెలు కావాలని పొద్దున్నే ఆయన్ను సిద్దిపేట పంపించారు. వస్తున్నాడు, ఒక గంట ఆగుదామని రంగులు వేసే మనిషి అన్నాడు. ఆగలేదు. మేనేజర్ చెప్పాడు, గీతల మీద పసుపు రంగు కలిపిన సున్నం కొట్టించారు.

బాలమణి గారు మొదటి రోజు నుంచీ జనంలో నిలబడడానికి కూలికి వస్తున్నారు, గీతల మాట ఇస్తారి నోట విన్నవారే. ఆ రోజు పూలబుట్ట ఇచ్చి బాల్కనీ కుడి వైపు నిలబడమన్నారు. ఆమె ఎక్కబోతూ వంగి వెనక చూశారు. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి, ఆమె చూశారు. "గీతలేవి సారూ?" అని అడిగారు. "గీతలు లెవ్వు, గీతలు లెవ్వు, ఎక్కమ్మా, వెలుతురు పోతుంది" అన్నారు సినిమా వాళ్లు. ఎక్కారు. ప్లైవుడ్ విరిగింది. ఎనిమిది అడుగులు. తుంటి ఎముక.

సాయంత్రం నాలుగు గంటలకు నాకు ఫోను వచ్చింది, సినిమా వాళ్ల మనిషి నుంచి. సెట్టు వేసిన ఆయన నాసిరకం చెక్క వాడాడని చెప్పాడు. నేను రాశాను. "నాసిరకం సెట్టు కూలి మహిళకు తీవ్ర గాయాలు", కింద చిన్న అక్షరాల్లో "మేస్త్రీ నిర్లక్ష్యమే కారణం". చంద్లాపూర్ ఇక్కడికి అరగంట దారి. పోలేదు. ఇస్తారి నంబరు నా ఫోనులో ఉంది. చేయలేదు. ఇరవై ఏడేళ్లుగా కుర్ర విలేకరులకు ఇద్దరిని అడగండి, మూడో మనిషిని వెతకండి అని పాఠాలు చెప్పిన నేను ఒక్కణ్ణి అడిగి, వాడి మాట తీసుకుని, ఇస్తారి పేరుతో సహా అచ్చు వేశాను. ఇస్తారి తన అబద్ధం వెనక గీత పెట్టాడు. నా వార్త వెనక ఏ గీతా లేదు. జనం దాని మీద ఎక్కారు.

మొదట ఎక్కింది మీరే, నరహరి గారూ. ఆ ముక్క కత్తిరించి సమితి నోటీసు బోర్డుకు గుచ్చారు. అప్పటి నుంచి సమితి నాలుగు నాటకాలు వేసింది, నాలుగింటికీ సెట్లు హైదరాబాద్ నుంచి వచ్చాయి. "పేపర్ల వచ్చింది గద సార్, మేమేం చేస్తం?" అని మీరు నాతోనే అన్నారు. ఆయనతో ఇరవై నాటకాలు వేసిన మీరు, ఆయన వేసిన మెట్లు ఎక్కి దిగిన మీరు, ఒక్కసారి ఆయన షెడ్డుకు వెళ్లి ఏం జరిగింది ఇస్తారీ అని అడగలేదు. నేను అడగలేదు కాబట్టి మీరూ అడగలేదు. ఇందులో నాకు మీ మీద ఉన్న కోపం కంటే నా మీద ఉన్న కోపం ఎక్కువ, అయితే మీ మీద ఉన్నది కూడా తక్కువేం కాదు.

అడిగింది ఎవరో చెబుతాను. ఆ విరిగిన చెక్కలు సినిమా వాళ్లు అక్కడే పారేసి పోతే బాలమణి గారి ఇంటివాళ్లు తెచ్చుకుని కోళ్ల గూటికి తలుపు చేసుకున్నారు. నిరుడు ఆషాఢంలో గట్టి వానలు పడ్డాయి. నాకు ఫోను వచ్చింది. "సారూ, పేపర్ల రాసింది మీరేనా?" "అవునమ్మా." "అయితే వచ్చి మా కోళ్ల గూడు చూడుండ్రి." వెళ్లాను. వానకు సున్నం కరిగిపోయింది. ఆయిల్ పెయింటు కరగదు. తువ్వాలులో చుట్టి నేను తెచ్చింది ఆ చెక్కే. ఇదిగో. వెనక కూర్చున్నవారికి కనబడుతోందా? ఎర్ర గీత. ఒక్కటి. మళ్లీ అడిగాను, ఈసారి నలుగురిని అడిగాను. సున్నం కొట్టిన మనిషి కూడా ఒప్పుకున్నాడు.

"నా తుంటి ఇరిగింది సరే, ఆయన పేరెందుకు ఇరగాలె?" అన్నారు బాలమణి గారు ఆ రోజు. నేను సవరణ రాసి పంపాను. పాత వార్త, ఇప్పుడెవరు చదువుతారు అన్నారు మా పేపరు డెస్కులో. మళ్లీ పంపాను. తర్వాత చూద్దామన్నారు. మూడోసారి పంపలేదు. ఎందుకంటే నాకు వేరే పనులున్నాయి. అంతకు మించి కారణం లేదు.

ఇక ఈ సన్మాన పత్రం. అద్దం కట్టించారు, బాగుంది. అందులో ఐదో పంక్తి: "వయోభారంతో స్వచ్ఛందంగా రంగం నుంచి విరమిస్తున్న శ్రీ ఇస్తారి గారికి". ఈ రోజు పొద్దున ఆయన ఇంటికి పోయి చదివి వినిపించాను. "నాకు యాభై ఆరు సార్. నేనెప్పుడన్న ఇరమిస్త అని? పని రాకుంటె ఇంట్ల కూసున్న" అన్నాడు. సాయవ్వ గారు అన్నారు: "శాలువ కప్పి పొమ్మంటున్నరు సారూ. పొమ్మనెటందుకు గింత మందెందుకు?"

నరహరి గారు ఏదో అంటున్నారు. మైకులో చెప్పండి సార్. "సందర్భం కాదు" అంటున్నారు. సరే. ఆ వార్త రాసినప్పుడు సందర్భమా కాదా అని ఎవరూ నన్ను అడగలేదు. నా సవరణ నాలుగు వాక్యాలు, చదువుతాను.

"చంద్లాపూర్ షూటింగ్ ప్రమాదానికి సెట్టు వేసిన ఇస్తారి నిర్లక్ష్యం కారణమని రాసిన వార్త తప్పు. బరువు మోయదని ఆయన గుర్తు పెట్టిన భాగంపై ఆయన లేని సమయంలో గుర్తు చెరిపి మనిషిని ఎక్కించారు. ఈ విషయం విచారించకుండా రాసింది ఈ విలేకరి. ఇస్తారి గారిని, బాలమణి గారిని క్షమాపణ కోరుతున్నాను."

(చాలాసేపు చప్పట్లు)

చప్పట్లు వద్దు. రెండేళ్లు ఆలస్యమైన దానికి చప్పట్లు కొట్టకూడదు.

నరహరి గారూ, ఇదిగో కలం. ఆ ఐదో పంక్తి కొట్టేయండి. మళ్లీ అచ్చు వేయిద్దాం, తర్వాత చూద్దాం అంటున్నారు. ఆ 'తర్వాత' నాకు బాగా తెలుసు సార్, నేను దానితోనే ఏడాది గడిపాను. అద్దం ఊడుతుంది, వెనక రెండు మేకులే. ఇస్తారి గారూ, మీరు లేవకండి, ఈ ఒక్కటి మమ్మల్ని ఊడదీసుకోనివ్వండి. (నవ్వులు)

(విరామం)

కొట్టేశారు. సభ చూసింది. దసరా నాటకానికి సెట్టు ఎవరిదని నేను అడగను, ఇంతమంది ముందు అడిగి ఇప్పించేది పని కాదు, దానం. కాని మీ నోటీసు బోర్డు మీద నా పాత వార్త ఇంకా ఉంది, పొద్దున చూసి వచ్చాను. దాని పక్కన ఈ సవరణ పెట్టండి. గుండుసూదులు కూడా తెచ్చాను.

ఓపికగా విన్నందుకు మీకు కృతజ్ఞతలు. కోళ్ల గూటి తలుపు ఊడదీసి ఇచ్చినందుకు బాలమణి గారికి అంతకంటే ఎక్కువ. ఇస్తారి గారూ, నమస్కారం.

చివరిది. వేదిక కింద ఆయన ఏం చేశాడో చెబుతానన్నాను. ఎడమ వైపు చివరి బల్ల కాలు ఊగుతోందట. ఇటుకలు పెట్టాడు, కాని తనకు నమ్మకం లేదన్నాడు. మెట్ల దగ్గర సుద్దముక్కతో గీతలు పెట్టాడు, ఎవరమూ చూడలేదు, తొక్కుకుంటూ ఎక్కాం. శాలువా కప్పడానికి వచ్చే పెద్దలు దయచేసి రెండు గీతలున్న వైపు నుంచి రండి. నరహరి గారూ, మీ కుర్చీ ఒక్క గీత వైపు ఉంది, కొంచెం ఇటు జరగండి.

సెలవు.