కోర్సు పాసయినది ఎవలు

సూడ్డానికొచ్చినోళ్లందరికీ బండి బ్రేకు ఫెయిలయిందని సేత్తో సైగలు సేస్తన్నావు, నీకిది తగునా బావా? బ్రేకు బాగానే ఉన్నాది. నాను తొక్కి సూసినాను.

ఎప్పుడంటావా? సెప్తాను గాని, ముందీ జావ తాగు. గొట్టంతో మెల్లగా పీల్సు. డాక్టరు దవడకి తీగలు కట్టీసినాడు, నోరు మెదపొద్దన్నాడు. నువ్వు అడ్డు రాకుండా నాను ఒక మాట పూర్తిగా సెప్పి ఎన్నేళ్లయిందో.

సాలూరు లారీ తోలినోడివి, కాదనను. ఘాటీ మీద నీ పేరు సెప్తే ఇప్పటికీ టీ పోస్తారు. ఆ లారీ ఒగ్గీసి ఎస్.కోట కాడ రిసార్టులో సేరినావు. నాలుగు సక్రాల ఏటీవీ బండ్లు. టూరిస్టులు తలో బండీ ఎక్కితే, జీడితోటల్లోంచి కొండ మీదకి ముందు నువ్వు దారి సూపాల.

దారి సూపేవోడు ఆన్‌లైన్‌లో సేఫ్టీ కోర్సు పాసవ్వాలని ఇన్సూరెన్సోళ్లు అన్నారు. నువ్వేటన్నావు? లారీ తోలినోడికి బొమ్మబండి పాఠాలేటన్నావు. మొదటి వీడియోకే గురక. మేనేజరు మురళీమోహన్ గారు ఫోను మీద ఫోను సేస్తంటే, ఉద్యోగం పోతాదని నీ బదులు నాను కూకున్నాను. మిషను స్కూల్లో సదివిన ఇంగ్లీషు ఆ రోజుకి పనికొచ్చింది.

ఏ దేశపోళ్లు తీసినారో, వీడియో నిండా మంచు కొండలే. ఎలుగుబంటి ఎదురైతే ఏటి సెయ్యాలని ఒక ప్రశ్న. అదొక్కటీ ఎలుగులు తిరిగే మన ఉద్దానం కోసమే రాసినట్టున్నాది. ఒంటి సీటు బండి మీద రెండో మనిషిని ఎక్కించొద్దు, ఏటవాలులో అడ్డంగా తిప్పొద్దు, హెల్మెట్ నేకుండా బండి ముట్టొద్దు. నేర్సుకున్నది నాను, పాసయింది నువ్వు.

ఆ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి బైబిలు వాక్యం కేలండరు పక్కన తగిలించినావు. సంఘంలో లేసి సాక్ష్యం కూడా సెప్పినావు, పరీక్షలో దేవుడే నాకు జవాబులు అందించినాడని. నాను ముసుగు ముందుకి లాక్కుని నవ్వాపుకున్నాను.

మరి శనివారం ఏటయింది? ఓనరు బామ్మర్ది సెల్ఫీ అన్నాడని ఎనక ఎక్కించుకున్నావు. మొకం కనబడాలన్నాడని హెల్మెట్ తీసీసినావు. ఏటవాలులో అడ్డంగా తిప్పినావు. ఆయన తుప్పల్లో పడి దులుపుకుని లేసినాడు. నువ్వెళ్లి జీడిసెట్టు మొదలుకి దవడానించినావు.

కళ్లు మూసుకోకు. కోపం నేదు. ఆ కబురు ఇనీసరికి సెప్పులు కూడా ఏసుకోకుండా ఆస్పత్రికి పరిగెట్టినాను.

మొన్న మురళీమోహన్ గారు ఇక్కడికొచ్చినాడు. మీ ఆయన కృపానిధి, కోర్సు పాసయినోడు, అన్నీ తెలిసే సేసినాడు, ఆస్పత్రి కర్సు మాకు సంబందం నేదని ఓనరు అన్నాడంట. నాకు ఒళ్లు మండింది.

"అన్నీ తెలిసింది ఆయనకి కాదండీ, నాకు. ఆ పరీక్ష రాసింది నాను" అన్నాను.

ఆయన మొకం పాలిపోయింది. కోర్సు పాసవ్వనోడి ఎనకాల ఇన్నాళ్లూ టూరిస్టులని పంపినారని ఇన్సూరెన్సోళ్లకి తెలిస్తే రిసార్టుకే తాళం. కర్సంతా మాదే, బయట సెప్పకు స్వర్ణమ్మా అన్నాడు. అయితే నా పేరున పరీక్ష రాస్తాను, నీ బండి నాకియ్యమన్నాను. నిన్న నువ్వు మందు మత్తులో ఉంటే ఈ బెంచీ మీదే కూకుని రాసీసి పాసయిపోనాను.

తల అలా ఊపకు, తీగలు కదుల్తాయి.

పొద్దున్న మేనేజరు ఎదరే తోలినాను. మోపెడ్ తోలిన సేతులే గదా. మెల్లగా, తిన్నగా, కొండ మీద దాకా. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే ఇనబడింది. పైన ఆపి సూస్తే ఎస్.కోట అంతా అరసేతిలో ఉన్నట్టుంది బావా. పెళ్లయిన కాడినుంచి ఆ కొండ కిందే ఉన్నాను, ఒక్కసారీ ఎక్కింది నేదు. కాసేపలా నిలబడిపోనాను.

నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే. దవడ అతికినాక సొంతంగా కోర్సు రాసుకుని రమ్మన్నారు. అందాకా టూరిస్టులకి దారి సూపేది నానే. ఇదిగో ఫోను, మొదటి వీడియో పెడతన్నాను. జవాబులు మాత్రం నన్నడక్కు.

ఒక మాట దాసకుండా సెప్పీమంటావా? నువ్వు బేగి పాసయిపోవాలని నాకేటీ తొందర నేదు.