పదీ ముప్పై ఏడుకు జరిపిన టేపు

నా పేరు రావిపాటి శేషారత్నం. భర్త కీర్తిశేషులు వీరాంజనేయులు. వయసు నలభై ఆరు. ఇంటిపని. పొదిలిలో మా ఇంటి ముందుగదిలో నా భర్త పెళ్ళిళ్ళ వీడియో స్టూడియో నడిపేవారు. ఆయన తెచ్చిన టేపులను రెండేళ్ళుగా కంప్యూటరులో ఎడిటింగు చేసేది నేనే. నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే కోర్టుకు వచ్చాను.

ముందు మా పద్ధతి చెప్పాలి. ప్రతి టేపు మొదట్లో ఆయన తన చేతి గడియారాన్ని అయిదు సెకన్లు తీసేవారు. రోజూ రేడియో వార్తలప్పుడు గడియారం సరిచేసుకునే మనిషి. కంప్యూటరులో టేపును పరిచే వరసను సీక్వెన్స్ అంటారు. దాని లెక్క ఎక్కడ మొదలవాలో మనం చెప్పకపోతే సున్నా నుంచి మొదలవుతుంది. గడియారంలో కనబడిన సమయాన్ని నేను అక్కడ వేసేదాన్ని. అప్పుడు బొమ్మ మూలన అంకెలు పెళ్ళిలో జరిగిన వేళ ప్రకారమే నడుస్తాయి. జీలకర్ర బెల్లం ముహూర్తానికే పెట్టారని చూసుకోవడానికి ఆ అంకెలు ఉంచమని అందరూ అడిగేవారు. అందుకని ముహూర్తం టేపును మధ్యలో కత్తిరించను. గడియారం ముక్క మాత్రం తీసేస్తాను.

2005 మే 19న మా ఊళ్ళో యలమందయ్య గారి అమ్మాయి శ్రీదివ్య పెళ్ళి. ముహూర్తం ఉదయం 10.37. ఆ పందిట్లో లైటు వైరు షాకు కొట్టి నా భర్త చనిపోయారు.

పదకొండో రోజు కర్మ అయిన మర్నాడు, మే 30న, యలమందయ్య గారు వచ్చి వరండాలో కూర్చున్నారు.

"అమ్మా రత్నం, ఈ మాట ఎత్తడానికి నాకు నోరు రావట్లేదు. పిల్లని కాపురానికి తీసుకెళ్ళబోమంటున్నారమ్మా వియ్యాలవారు. ముహూర్తం దాటించి పీటల మీద చావు తెచ్చారంట. దాటలేదని మేమంటే, అయితే వీడియో చూపించండి అంటున్నారు. ఆ అంకెలొక్కటి సరిచెయ్యి. నీ బిడ్డనుకో."

నాకు పిల్లలు లేరు. చేశాను.

టేపు మొదట్లో గడియారం 10.40. జీలకర్ర బెల్లం ఇరవై అయిదో నిమిషంలో, అంటే 11.05కి పెట్టారు. సీక్వెన్స్ మొదలును 10.12 అని వేశాను. జీలకర్ర బెల్లం 10.37కి వచ్చింది. మార్చింది ఆ ఒక్క అంకె. ఇరవై ఎనిమిది నిమిషాలు. శ్రీదివ్యను కాపురానికి తీసుకెళ్ళారు.

ముప్పై ఎనిమిదో నిమిషంలో ఆయనకు షాకు కొట్టి లైటు ఆరిపోతుంది. వాళ్ళకు ఇచ్చే కాపీని అక్కడితో ఆపాను. అది నిజంగా జరిగిన వేళ 11.18. కాపీలో 10.50.

పోలీసు వారు ఆ కాపీనే తీసుకున్నారు. పందిట్లో లైట్లు, జనరేటరు చూసుకునే ఎలీషా పదకొండింటికి డీజిలుకు వెళ్ళాడని అందరూ చెప్పారు. బంకు బిల్లు మీద 11.16 ఉంది. కాపీ ప్రకారం చూస్తే షాకు కొట్టినప్పుడు అతను పందిట్లోనే ఉన్నాడు, తెగిన వైరును అజాగ్రత్తగా కలిపింది అతనే అని జూన్ 20న జైలుకు పంపారు. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

పోయిన మంగళవారం ఎలీషా తల్లి ఎలీసమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పట్టుకుని నిలబడింది.

"అయ్యగారు పోయినప్పుడు మావాడు మూడు రోజులు కూడు ముట్టలేదమ్మా. ఆ యేళ నేను పందిట్లో లేనంటన్నాడు. ఉన్నట్టు బొమ్మ చెప్పిందంట. బొమ్మ అబద్ధం ఆడిద్దా తల్లీ?"

మంచినీళ్ళు ఇచ్చాను.

ఇంకొకటి కూడా దాచాను. కాపీలో చివరి నిమిషం మాటల మీద సన్నాయి వేశాను. అసలు టేపులో కెమెరాను స్టాండు మీద పెట్టి నా భర్త "ఎలీషా ఏడిరా?" అంటారు. "డీజిలుకెళ్ళాడు బావా, వచ్చేస్తాడు," అని ఎవరో అంటారు. "వాడొచ్చిందాకా తలంబ్రాలు ఆగుతాయంటరా? నేనే కలుపుకుంటాలే." తరవాత లైటు ఆరిపోతుంది. కెమెరా ఇంకా పదకొండు నిమిషాలు నడిచింది. ఖాళీ పీటలు, కింద బియ్యం, అంతే. పొరపాటు ఆయనదేనని నలుగురూ అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ మాట నలభై ఒక్కసార్లు విన్నాను. ఎన్నిసార్లు విన్నానో పుస్తకంలో గీతలు పెట్టుకున్నాను.

నిన్న యలమందయ్య గారి ఇంటికి వెళ్ళి, కోర్టులో చెప్పబోతున్నానని చెప్పాను. "పిల్ల అక్కడ బాగానే ఉందమ్మా," అన్నారు. వెళ్ళవద్దని మాత్రం అనలేదు.

అసలు టేపు, నంబరు 214, టేపుల పుస్తకంతో సహా ఇస్తున్నాను. మేము ఒక్కో టేపును మూడుసార్లు వాడతాము. దీని మీద మళ్ళీ ఏమీ తీయలేదు. కేసు అయ్యాక ఇది నాకు ఇప్పించమని మనవి. మొదటి అయిదు సెకన్లలో ఆయన చెయ్యి ఉంది.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేదు. నేను చెప్పినదే ఉంది, చెప్పినది నిజం.

సంతకం: రావిపాటి శేషారత్నం
12-7-2005, మధ్యాహ్నం 12.05. ఈ వేళ ఈ గది గోడ గడియారం చూసి వేసినది.