మామగారి పేరు దగ్గర ఆగిన పాఠం

హలో… ఆ, నేనే, వదినని… లైబ్రరీలోనే ఉన్నాను చిన్నదొరా, ఇంకెక్కడుంటాను.

…లేదు. ఒక్కరూ పూర్తి చెయ్యలేదు.

…మొదటి పాఠమే. నీ కంప్యూటర్ పాఠాల్లో రెండోది ఒకటుందని మాకింకా తెలీదు.

…మౌస్ గొడవ కాదు. అది పొద్దున్నే వచ్చేసింది. బాణం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతోంది. టోపీ పెట్టుకున్న ఆ నక్కపిల్ల చప్పట్లు కూడా కొట్టింది. రాజధాని బిష్కెక్‌లో కూర్చుని నువ్వు గీసిన నక్క కదా, దేనికైనా కొడుతుంది.

…ఆగు, చెప్పనీ. తర్వాత ఓ గడి వస్తుంది, 'ఈ పేరు టైపు చెయ్యండి' అని. ఎవరి పేరు పెట్టావందులో?

…నోటితో చెప్పు. నువ్వు చెప్పొచ్చు, కొడుకువి.

…అదీ. మీ నాన్న పేరు.

…గౌరవమా! ఇక్కడ నేర్చుకోడానికి వచ్చినవాళ్లంతా ఎవరనుకున్నావు? ఈ ఊరి కోడళ్లు. మామగారి పేరు కోడలి నోట రాకూడదని మరిచిపోయావా? అంతా ఒకే వంశం. ఆయన ఒకరికి మామగారు, ఒకరికి పెదమామగారు, అత్తయ్యగారికి భర్త. ఆ పేరు చూడగానే తోటికోడలు బురుల్‌చా తలమీది రుమాలు నుదుటి మీదికి లాక్కుంది.

…పలకడం వేరు, టైపు చెయ్యడం వేరంటావా? కొట్టగానే నీ నక్క దాన్ని బిగ్గరగా చదువుతుంది నాయనా. కోడళ్ల చదువు చూద్దామని వచ్చి మామగారు గది వెచ్చబెట్టే పొయ్యి పక్కనే టీ తాగుతున్నారు.

…వేరే పేరు కొట్టి చూశాం. నక్క తల అడ్డంగా ఊపుతుంది. ముందుకి పోనివ్వదు.

…నేనా? కాలేజీలో చదివితే ఆయన నా మామగారు కాకుండా పోతారా? పెళ్లయిన నాటి నుంచి నా నోట రాని పేరు నీ నక్క కోసం వస్తుందా?

…ఇంతకీ ఎవరికి చూపించి సరిచూసుకున్నావు?

…నీ ఆఫీసు కుర్రాళ్లకి. బావుంది. ఈత పాఠం చేపలకి చూపించినట్టు.

…ఆయన్నే కొట్టమనాలా? అదీ అయింది. మా తంటా చూడలేక లేచొచ్చి, ఒక్కో కంప్యూటర్ దగ్గరా ఒక్క వేలితో తన పేరు తనే కొట్టారు. అన్నిట్లోనూ 'అభినందనలు' అంటూ ఆయన పేరే వచ్చింది. ఊరంతటికీ చదువుకున్నది ఆయనొక్కరే అయ్యారు. అంతా తుడిచేసి మళ్లీ మొదటికి తెచ్చాను.

…తెలుసు, మధ్యాహ్నమే వస్తున్నారు కంప్యూటర్లిచ్చిన ఆ సంస్థవాళ్లు. ఆడవాళ్లు తమంతట తాము పాఠం ముగించడం కళ్లారా చూడకపోతే కంప్యూటర్లు పక్క ఊరికి పోతాయి. వీళ్లు నేసిన తివాచీలు ఆన్‌లైన్‌లో తామే అమ్ముకునే దారి పోయి, మళ్లీ ఆ దళారీ చెప్పిన ధరకే పోవాలి. చలికాలమంతా తిరిగి తెప్పించాను వీటిని, నీ నక్క చేతిలో పెట్టడానికా?

…మీ పెదనాన్న పేరా? చాల్లే.

…నీదా? నిన్ను పేరు పెట్టి పిలిచే వదిన ఈ ఊళ్లో ఉందా? కావాలంటే మేం పెట్టిన పేరు పెట్టుకో. చిన్నదొర కాదు, దానికి ముందుది. చీమిడిముక్కు దొర.

…ఏం, గౌరవం కాదూ?

…ఏ పేరూ వద్దు. గడి ఖాళీగా వదిలెయ్. ఎవరికి తోచింది వాళ్లు కొట్టుకుంటారు.

…అంత తేలికా? మరి పొద్దుటి నుంచి చెయ్యవేం? మార్చు, లైన్లోనే ఉంటాను.

…

…ఆ, వచ్చింది. ముందు అత్తయ్యగారే కూర్చున్నారు… వెతుక్కుంటున్నారు… ఒక్కో అక్షరం… అయింది. నక్క చదివింది.

…ఏం కొట్టారా? తన పేరే.

…నన్నడుగుతావేం, అత్తగారి పేరు నేను పలకకూడదు. నీకు తెలుసుగా, మీ అమ్మ పేరు?

…మామగారా? టీ గిన్నె కింద పెట్టి ఇటే చూస్తున్నారు. ఆయనెప్పుడూ 'ముసల్దీ' అనేగా పిలుస్తారు.

…అదా చప్పుడు? మళ్లీ నొక్కారు అత్తయ్యగారు… మళ్లీ… నీ నక్క చదువుతూనే ఉంది, చప్పట్లు కొడుతూనే ఉంది. పోనీలే, ఇన్నాళ్లకి కొట్టాల్సిన దానికి కొడుతోంది.

…పెట్టేస్తున్నా. సంస్థవాళ్ల బండి వచ్చింది.