చక్కెర మొక్కు

"అమ్మమ్మా, నీకు షుగరని అమ్మకు, మామకు చిన్నప్పుడు ఎట్ల చెప్పినవ్? ఇప్పుడు నాకు గూడ వచ్చింది, నా పిల్లలకు నేనెట్ల చెప్పాల్నో సమజైతలేదు."

నన్ను అడుగుతున్నవా బిడ్డా? మంచిదాన్నే అడిగినవ్ పో! నేను చెప్పినట్టు చెప్తే నీ కొంప మునుగుతది. కూసో, చెప్త. ఆ ఫోను జర దూరం పెట్టు... రికార్డు చేస్తున్నవా? చెయ్యి, చెయ్యి. మీ అమ్మ విని నవ్వుతది.

గప్పుడు మేము లాల్‌దర్వాజ గల్లీల కిరాయికుంటుంటిమి. ఒక్క అర్ర, ముంగట జరంత వసార. మీ తాత బస్సు కండక్టర్. మీ అమ్మకు ఏడేండ్లు... కాదు కాదు, ఆరే, పాలపండ్లు ఊడుతున్నయ్ గప్పుడు. మీ శీను మామ దానికన్న చిన్నోడు. నాకేమో తీపంటే పానం. చార్మినార్ దిక్కు గాజులకని పోయి, గాజులు మర్చి జిలేబి పొట్లంతోని వస్తుంటి. రూపాయికి దోసిలి నిండ ఇస్తుండె తెలుసా. మీ తాత "గాజులేవే?" అంటే, "నచ్చలే" అంటుంటి. మూతికి పాకం అంటుకొనే ఉంటుండె.

గసొంటిదానికి షుగర్ వచ్చింది. దవాఖానల డాక్టర్ సాబ్, ముసలాయన, మంచోడే, "దేఖో అమ్మా, మీఠా బంద్" అన్నడు. గోలీలు రాసిండు. గోలీ ఏసుకున్నంక తినకుంట ఉండొద్దు, చేతులు వణికి చెమటలు పడితే జల్దీ చక్కెర నోట్లె ఏసుకో అన్నడు. తీపి బంద్ అంటడు, మల్ల చక్కెర తినుమంటడు, ఈయనకే తెలుస్తలేదు అనుకున్న. గంత తెలివి నాది.

ఇగ పిల్లలకు చెప్పుడెట్ల? మా పెదనాయిన ఒకాయన ఉండె, ఛత్రినాకల. షుగర్‌తోని ఆయనకు కాలు తీసేసిండ్రు. మీ అమ్మ సూసొచ్చి మస్తు దినాలు నిద్రల ఏడ్చింది. నాకు గూడ గదే బీమారి అంటే, అది నా కాళ్ల దిక్కే సూస్కుంట కూసుంటది గద. నోరు రాలే బిడ్డా. అసలు నాకే బుగులు, ఎవలికి చెప్పుకుంట? చలికాలంల ఒక పెండ్లిల లడ్డు వద్దన్న. "ఎందుకమ్మా తింటలేవ్?" అన్నది మీ అమ్మ. నోటికేదొస్తే అది అనేసిన. "మీరు సల్లగుండాల్నని అమ్మవారికి మొక్కిన బిడ్డా, తీపి విడిచిన."

గంతటితోని అయిపాయె అనుకున్న. ఏడైతది! మీ అమ్మ నోరు ఊకుంటదా? గల్లీ అంత చెప్పింది. ఇగ సూడు నా వైభోగం! "పిల్లల కోసం తీపి విడిచిందట, ఏం భక్తి, ఏం భక్తి!" ఎదురింటి నర్సమ్మక్క ఎవ్వల్నీ ఉత్తగ మెచ్చుకోదు, ఆమె గూడ నేను పోతే పీట ఏసుడు షురూ చేసింది. నేను కాదనొచ్చు గద? అనలే. బొట్టు ఇంకింత పెద్దగ పెట్టుకొని, కొంగు నిండుగ కప్పుకొని తిరిగిన. షుగర్ వచ్చినందుకు గంత మర్యాద దొరికింది నాకొక్కదానికే కావొచ్చు. అసలు సంగతి మీ తాతకే తెలుసు. "మాతాజీ, ఈ భక్తునికి జర చాయ్ దొరుకుతదా?" అని ఎక్కిరిస్తుండె.

ఆ దినాలల్లనే శీను గానికి మంచిగ బుగ్గలొచ్చినయ్. గుండ్రగ అయిండు. "నీ మొక్కు మహిమే" అన్నది నర్సమ్మక్క. నేను గూడ నమ్మిన, సూడు.

ఇగ ఆషాఢం వచ్చె. బోనాలు. ఆడోళ్లందరు జమై, ముందు బోనం నీదే అన్నరు. ఒక్కపొద్దుండాలె గద దానికి. తినకుంట ఉండొద్దని డాక్టర్ చెప్పింది యాదికున్నది. ఉంటే ఏం లాభం? నేను పెద్ద భక్తురాలినాయె, తింటే ఎట్ల? పొద్దుగాల గోలీ ఏసుకున్న, గుటికెడు చాయ్ గూడ తాగలే. మీ తాత డ్యూటీకి పోయిండు. తానం చేసి, పట్టుచీర కట్టి, పాలు, బెల్లం ఏసి బోనం వండిన. కుండకు పసుపు రాసి, వేపాకు కట్టి, మీద దీపం పెడుదామని వంగిన. చేతులు గజగజ వణికినయ్. ఒళ్లంత చెమట. కండ్లు మసకలు. బయటేమో డప్పులు, "రాయే, టైమైతుంది" అని లొల్లి. నేను పిలుస్తే ఎవలికి ఇనవడ్తది?

గప్పుడు యాదికొచ్చింది డాక్టర్ చెప్పిన చక్కెర మాట. పక్కన గిన్నెల బెల్లం మిగిలున్నది. చెయ్యి చాపిన. మీ అమ్మ లటుక్కున నా చెయ్యి పట్టింది. "అమ్మా, అమ్మవారి బెల్లమది! నీకు మొక్కున్నది!" చక్కెరన్న ఇయ్యే బిడ్డా అంటే, "వద్దమ్మా, అమ్మవారికి కోపమొస్తది" అని ఏడుపు. గిన్నె తీసి శీను గానికిచ్చింది. వాడు దాన్ని కడుపుకు పట్టుకొని మూలకు ఉరికిండు. లేద్దామంటే కాళ్లు లేస్తలేవు. రేషన్ చక్కెరాయె, పిల్లలు బొక్కుతరని డబ్బ పై గూట్లె పెట్టిందాన్ని నేనే. నోరు తిరుగుతలేదు. పానం పోతదనుకున్న బిడ్డా, నిజంగ. నేను పోతే వీండ్లేమైతరు అనుకున్న. వాండ్లను తిడ్దామంటే తప్పేమున్నది, నేను నేర్పిందే చేస్తున్నరు.

నా మొఖం సూసి మీ అమ్మకు ఏమనిపించిందో, బిందె బోర్లేసి, ఎక్కి, డబ్బ తీసింది. అమ్మయ్య అనుకున్న. ఏడ! తీస్కపోయి అమ్మవారి పటం ముంగట పెట్టింది. ప్రసాదమైతే తినొచ్చట! అగర్బత్తి ముట్టిచ్చింది. గంట కొట్టింది. "కండ్లు మూసుకో అమ్మా" అంటది. నాకు వాటికవే మూతలు పడుతున్నయ్ ఆడ! మూలకెల్లి శీను గాడు "హారతి, హారతి" అంటడు. "జల్దీ బిడ్డా" అంటే, "దేవుని కాడ తొందరపడొద్దమ్మా" అని నా మాటే నాకు చెప్పింది. ఆఖరికి చిటికెడు, చిటికెడంటే చిటికెడే, నా చేతుల పెట్టింది. "ఇంకింత" అన్న. "ప్రసాదం ఒక్కసారే" అన్నడు వాడు. మీ అమ్మ వాణ్ణి పక్కకు నూకి, డబ్బ నా ఒళ్లెనే పెట్టింది. పిడికెడు బొక్కిన. పట్టుచీర నిండ చక్కెర. మాతాజీ అవతారం సూడాలె నువ్వు.

జరసేపటికి పానం కుదుట పడ్డది. ఇద్దర్ని దగ్గరికి తీసుకొని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. "మొక్కు లేదు గిక్కు లేదు బిడ్డా. నాకు షుగర్. తిన్న తీపి నా ఒంట్ల సక్కగ ఖర్చయితలేదు, అందుకే బంద్ చేసిన. గోలీ ఏసుకొని తినకపోతే మాత్రం ఇయ్యాల లెక్క ఒంట్ల తీపి తక్కువైతది, గప్పుడు చక్కెర కావాలె." నేననుకున్నట్టే మీ అమ్మ నా కాళ్ల దిక్కు సూసింది. పాదం గట్టిగ పట్టుకున్నది. "తీసేస్తరా?" అన్నది. "తియ్యరు. పెదనాయిన దవాయి ఏసుకోలే, పుండయితే దాసిండు. నేను దాయ." గంతే బిడ్డా. గీ నాలుగు మాటలు చెప్పలేక అన్ని నెలలు నాటకమాడిన.

గప్పుడన్నది మీ అమ్మ, "మరి నా మొక్కో?" అని.

"నీదేందే?"

"నువ్వు మల్ల తీపి తినాల్నని నేను గూడ విడిచిన గద."

ఆ పెండ్లి కాడికెల్లి! బడిల పిప్పరమెంట్లు, పండుగల భక్ష్యాలు, అన్ని తమ్మునికే ఇస్తుండెనట. శీను గానికి బుగ్గలొచ్చింది నా భక్తికి గాదు, అక్క వాటకు! వాడు ఒక్క మాటన్న బయటికి రానిచ్చిండా, దొంగ సచ్చినోడు. ఏడ్చిన బిడ్డా. బయట డప్పులు మోగుతుంటే, బోనం ముంగట పెట్టుకొని ఏడ్చిన. అది మాత్రం నవ్వుతది. "తిన్నవ్ గదమ్మా, అమ్మవారు ఇన్నది" అని, నా చీర మీది చక్కెర ఏలుతోని అద్దుకొని నాకింది.

నేను బయటికొచ్చేసరికి శీను గాడు గల్లీ అంత చాటింపేసిండు, మా అమ్మకు మొక్కు లేదు, షుగరున్నదని. నర్సమ్మక్క నన్ను మస్తు తిట్టి, కూసోపెట్టి ఇంత పెరుగన్నం తినిపిచ్చింది. ఆ యేడు నా బోనం అందరికన్న ఆఖరికి పోయింది.

ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాండ్లకు బుగులైతే నా కాడికి తోల్కరా, నా రెండు కాళ్లు సూపిస్త. మోకాళ్లు నొస్తయ్ గని, ఉన్నయ్ గద! సల్లగుండు బిడ్డా, నీ పిల్లలు సల్లగుండాలె. ఆ... ఇంకొకటి, చక్కెర డబ్బ కింది అరల పెట్టు. వాండ్ల చెయ్యందాలె.