మూలన పడున్న కంప్యూటర్

కొండల కిందున్న ఓష్ ఊళ్లో ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానా. కుట్టు మిషన్లను నడిపే పాతకాలపు కంప్యూటర్ల మధ్య యజమానురాలు, మెకానిక్ టీ తాగుతున్నారు.

“డిజైన్లన్నీ సర్వర్‌లోకి ఎక్కించేశానక్కా. ఇక ఈ డొక్కు కంప్యూటర్లు పారేసి కొత్తవి కొనుక్కోండి. రేపు నేను కొండమీదికి వెళ్తున్నా. తమ్ముడి గుర్రాలు, గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్, హాయిగా నిద్ర!”

“పారేయడమెందుకు? అన్నీ ఆ సర్వర్ నుంచే డిజైన్లు తీసుకుని చక్కగా కుట్టిస్తున్నాయిగా!”

“అది కొత్తవి వచ్చేదాకా చేసిన ఏర్పాటు.”

“మరి మూలన చచ్చి పడున్నదాన్ని కూడా లేపి కలిపావేం? మీసం మెలేసి మరీ చూపించావు.”

“ఊరికే... అవుతుందో లేదోనని.”

“అయింది కదా. అందుకే మూతపడ్డ ఫ్యాక్టరీలో ఇలాంటివే లారీడు కొన్నాను. గేటు దగ్గరికొచ్చాయి.”

“నన్నడక్కుండానా! నా మెడకి ఉరి బిగించారు కదక్కా! నేను ముట్టుకోను. లారీ వెనక్కి పంపండి.”

“సరే, పంపేస్తాలే.”

“...ఇంతకీ ఏ కాలంనాటివి?”

“వీటికన్నా పాతవి.”

“అబ్బే, వాటికి మన సర్వర్ మాట అర్థం కాదు. మధ్యలో తర్జుమాకి ఇంకోటి పెట్టి...”

“అలా అంటావనే, ఈ ఏడు నువ్వు రావట్లేదని పొద్దున్నే మీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశాను.”