గుర్రపు రౌతుల పటం

1993 వేసవి. మస్కట్ దగ్గర అల్ హైల్‌లో కడప దస్తగిర్ ఫ్రేముల దుకాణం మధ్యాహ్నం కట్టేసే వేళ. ఓ విల్లాలో డ్రైవరుగా ఉన్న జగిత్యాల భూమయ్య పటం పట్టుకుని వచ్చాడు.

"మళ్లా పగిలిందా ఇది? రంజాన్ ముందరే గదప్పా కొత్త అద్దం ఏస్తి!"

"పగిలింది భాయ్. ఏం జెయ్యాలె."

"మేకు ఊడిందా?"

"గంతే... ఊడింది."

"మేకు ఊడితే మూల పగలాల. ఇది నట్టనడుమ పగిలింది. ఎవురన్నా విసిరినారా?"

"నిమ్మళంగ చూడు భాయ్. తొందర్లేదు."

"ఎప్పుడూ అర్జెంటనేవాడివి, ఈ పొద్దు తొందర్లేదంట! కూచో. నీళ్లు తాగు. ఏం పటమప్పా ఇది, రంగు ల్యా, ఏం ల్యా. అంతా నల్లగీతలే. గుర్రాల మీంద కూచోని నరుక్కుంటాండారు. కిందపడినోణ్ని చూసే దిక్కే ల్యా."

"జర్మనీల కొన్నడట సారు. ఆ జర్మనోళ్ల తాతల కాలందట. పానమిస్తడు దానికి."

"సారుకూ మేడానికీ మళ్లా గొడవనా?"

"మేడం లేదు. ఊరికి వొయ్యి నెలైంది."

"మరి ఎవురి మీంద విసిరినాడు?"

"అద్దం సంగతి చూడు భాయ్."

"చూస్తానే ఉండా. కాగితం మీంద ఈ ఎర్రమరక యాడిది?"

"తుడువు. పోతది."

"నెత్తురు గదా ఇది! భూమయ్యా, ఆ ఇంట్లో పనిచేసేది మీ చెల్లెలు గదా?"

"అవు. కనకవ్వ."

"దెబ్బ యాడ తగిలింది?"

"కన్ను పక్కపొంటి. చాయ్ ఆలస్యమైందని యాష్‌ట్రే విసిరిండు. కనకవ్వ పక్కకు జరిగింది, అది పటానికి తాకింది. అద్దం పెంకులెగిరి..."

"నువ్వేం చేస్తివి?"

"నన్ను పిలిచి, పటం ఖరాబైతది, జల్ది బాగుచేపియ్యమన్నడు. ఆమె దిక్కు చూడనన్న చూడలే. నేను సరే సార్ అన్న. ఇన్నేండ్ల సంది గదే మాట, సరే సార్, సరే సార్. అలిసిపోయిన భాయ్."

"ఏం చేస్తాంలే. మన బతుకులింతే. నాలుగింటికి రా, ఏసిస్తా."

"ఎయ్యకు."

"ఏంది?"

"అద్దం ఎయ్యకు. పటం బాగుచేపిస్త అంటేనే గేటు దాటనిచ్చిండు. కనకవ్వను ఎవ్వలికి కనవడకుంట ఎనుక సీట్ల పండవెట్టి తెచ్చిన. ఇగ ఇద్దరం ఆ ఇంటికి పోం. రేపు ఎంబసీకి పోతం."

"అయితే ఇప్పుడా పాప యాడుంది?"

"మీ ఇంట్ల. ముంతాజ్ వదిన ఒక్క మాటన్న అడగలే, చెయ్యి పట్కొని లోపటికి తీస్కపోయింది. నీకు చెప్పనీకి నోరు రాక, గింతసేపు పటం పట్కొని నిలబడ్డ."