తలల మీదుగా

ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో డ్రెస్సింగ్ రూమ్ బల్ల మీద గోల్‌కీపర్ తల పట్టుకుని కూర్చుంది. స్ట్రైకర్‌గా ఆడే చెల్లెలు ఎదురొచ్చి నిలబడింది.

"ఎదుటి జట్టువాళ్లు మీదపడుతుంటే బంతి పక్కవాళ్లకే ఇస్తావేంటక్కా? రెండు గోల్స్ అలాగే పడ్డాయి!"

"మరెవరికివ్వను?"

"నాకు! అందరి తలల మీదుగా కొట్టు. ఛాతీతో ఆపి, మనవాళ్లు వచ్చేదాకా కాపాడతా. నన్నక్కడ పెట్టిందే అందుకు."

"నీ వెనకాల వాళ్ల పొడుగుది మోకాలితో నడుంలో పొడుస్తోంది."

"నడుం బాగైందని డాక్టరే చెప్పాడుగా!"

"నెలంతా నిన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది డాక్టరు కాదే, నేను."

"అయితే నన్ను ఇంట్లోనే ఉంచాల్సింది. అక్కడ దిష్టిబొమ్మలా నిలబడలేక చస్తున్నా!"

అక్క గ్లవ్స్ తొడుక్కుంది. బయట విజిల్ మోగింది.

"దెబ్బ తగిలితే పడిపోతావుగా? పంతానికి నిలబడవు కదా?"

"బంతి మనవాళ్లకిచ్చాక పడతా."

ఆట మొదలయ్యాక తన చేతికొచ్చిన మొదటి బంతిని అక్క పళ్లు బిగించి చెల్లెలి వైపు కొట్టింది.